పాట యెవరిది? : పెరీ బ్రాడ్‌ఫోర్డు రికార్డులు

టిక్కెట్టు కొని వచ్చినవారి వినోదమునకై నాటకశాలలో పాడిన పాటలను గూర్చి సాహిత్యపత్రికలో వ్రాయుట యేల యని కొందరు చదువరు లడుగవచ్చును. అవి అమెరికాదేశపు నల్లజాతివారి పాటలు. వానిని కట్టినవాడు ఆటబృందములతో ఊరూర తిరిగి పొట్టపోసికొన్నవాడు. వానిలో కొన్నింటి మాటలు పిల్లలున్న యింట వివరించి చెప్పదగినవియు కావు. అయినను ఒక విషయము నన్ను కొంతకాలముగా వెన్నాడుచున్నది. 1925వ సంవత్సరమున ఒకే పాట రెండు కంపెనీలలో రికార్డయినది. రెండింటను బాకా ఊదినవాడు ఒక్కడే. మొదటిదానిని ఒక స్త్రీ పాడినది; రెండవదానిని పాట కట్టినవాడు స్వయముగా పాడెను. ఆ రెండు రికార్డులను వరుసగా విన్నవాడు పాట యెవరిది అను ప్రశ్నను తప్పించుకొనలేడు. అలంకారశాస్త్రము చదివిన నాకును ఆ ప్రశ్న కొరుకుడు పడలేదు. అందుచేతనే యీ వ్యాసము.

పాట కట్టినవాని పేరు పెరీ బ్రాడ్‌ఫోర్డు. అలబామా రాష్ట్రమున మాంట్‌గామరీ పట్టణములో పుట్టి, చిన్ననాడే జార్జియాలోని అట్లాంటాకు చేరినాడు. వారి యిల్లు ఫుల్టన్ వీథి కారాగృహము ప్రక్కనే యుండెడిదట. తల్లి ఖైదీలకు వంట చేసిపెట్టుచుండగా, ఊచల వెనుక వారు పాడుకొను పాటలు పిల్లవాని చెవిని బడెడివట. 1907లో అతడొక మిన్‌స్ట్రెల్ బృందమున జేరెను. మిన్‌స్ట్రెల్ ఆటయనగా, తెల్లవారు ముఖమునకు మసి పూసికొని నల్లవారి నడకను, మాటను, పాటను ఎగతాళి పట్టించుటకు పుట్టిన ఆట. కొంతకాలమునకు నల్లవారే, తమ నల్లని మొగములకు మరల మసి పూసికొని, ఆ యెగతాళినే వృత్తిగా జేసికొని బ్రదుకవలసి వచ్చినది. అటనుండి బ్రాడ్‌ఫోర్డు వాడెవిల్‌లోనికి వచ్చెను. పాట, నృత్యము, హాస్యము, గారడి మొదలగువానిని ఒకే సాయంకాలమున వరుసగా జూపు వేదికకు ఆ దేశమున ఆ పేరు. జెనెట్ అను సహచరితో జంటగా కొన్నియేండ్లు పాడుచు, ఆడుచు తిరిగినాడు. జనులు అతనిని ‘మ్యూల్’ అనగా కంచరగాడిద యని పిలుచుచుండిరి. కదలనని కూర్చున్న కంచరగాడిదను కదలించుట యెంత కష్టమో, కంపెనీ గుమ్మము ముందు కూర్చున్న బ్రాడ్‌ఫోర్డును లేవనెత్తుటయు అంత కష్టమని న్యూయార్కు కంపెనీలకు పిమ్మట తెలిసివచ్చినది.

ఆ గుమ్మముల మాట కొంత చెప్పవలెను. ‘బ్లూస్’ అను మాటకు పదార్థము నీలములు. వాడుకలో దిగులు, మనోవ్యథ. డబ్ల్యూ. సి. హేండీ 1912లో మెంఫిస్ బ్లూస్ అను పాటను అచ్చువేసిన పిదప ఆ తెగ పాటలు నాటకశాలలలో విరివిగా వ్యాపించెను. కాని వానిని రికార్డులలో పాడినవారు మిక్కిలిగా తెల్లవారే. నల్లవారు రికార్డులలో బొత్తిగా లేకపోలేదు. బర్ట్ విలియమ్సు 1901 నాటికే హాస్యగీతములు పాడియుండెను. నల్లవారు నవ్వించిన కొన్నవారు పెక్కుమంది యుండిరి. వారిలో నొక స్త్రీ తన దుఃఖమును తానే పాడిన, దానిని గొనువా రెవరని కంపెనీల సందేహము.

బ్రాడ్‌ఫోర్డు ఆ సందేహమును ధర్మోపన్యాసముతో తీర్పలేదు, లెక్కతో తీర్చెను. ఓకే కంపెనీలోని ఫ్రెడ్ హేగరు నొద్దకు బోయి, ఈ దేశమున మావారు కోటికి పైబడి యున్నారు, తమలో నొకరు పాడినచో ఆ ప్లేటును వారు కొందురు అని వాదించినాడు. సంస్కరణమును గోరు మనవంటివారికి ఈ వాదము కొంత చిన్నతనముగా దోచును. హక్కని అడుగక లాభమని యడుగుట యేమి? కాని హక్కని యడిగినవారికి ఆ తలుపు తెరువలేదు. హేగరు ఆ పాటలకు సోఫీ టక్కరు అను తెల్లగాయనిని అనుకొనియుండెను. బ్రాడ్‌ఫోర్డు మేమీ స్మిత్ అను నల్లగాయని పేరు సూచించెను. 1920 ఫిబ్రవరి 14వ తేదీన ఆమె అతని పాటలు రెండు పాడినది. వెనుక వాయించినది కంపెనీ కొలువులోని తెల్లవారి మేళము. ఆ ప్లేటు నష్టపడకపోవుటచే, ఆగస్టు 10వ తేదీన ఆమెను మరల పిలిచిరి. ఈసారి వాద్యగాండ్రును నల్లవారే. ఆ దినమున పాడిన ‘క్రేజీ బ్లూస్’ తొలి నెలలోనే 75,000 ప్రతులు చెల్లెనని చెప్పుట పరిపాటి. ప్లేటు వెల ఒక డాలరు. రైలుబండ్లలో పనిచేయు నల్లజాతి సేవకులు వానిని కట్టలుగా గొని దక్షిణదేశపు స్టేషన్లలో అమ్ముచుండిరనియు చెప్పుదురు. తరువాత సంవత్సరమే ఓకే కంపెనీ నల్లవారికై ప్రత్యేకముగా ఒక వరుస ప్రారంభించెను. మరి రెండేండ్లకు కొలంబియా కంపెనీ బెస్సీ స్మిత్‌తో ఒడంబడిక చేసికొన్నది. ఈమెకును మేమీకిని పేరులోనే గాని చుట్టరికము లేదు.

ఇంత ప్రసిద్ధి కెక్కిన ‘క్రేజీ బ్లూస్’ ఎట్టి పాట? మాటలను మాత్రము కాగితముపై జూచినచో పెద్ద కవిత్వము కాదని ఒప్పుకొనవలెను. ఒకతెకు రాత్రి నిద్దుర లేదు, పగలు ఆహారము లేదు; ప్రేమించినవాడు సరిగా జూడడు; ఎప్పుడో వెడలిపోయినాడు. మనస్సు చెదరినది. ఇది యేదేశపు విరహిణియైనను చెప్పుమాటయే. ఒక భాగమునకు మరియొక భాగమునకు అన్వయము గూడ అంతంతమాత్రము. నడక సైతము ఒకటి కాదు. బ్లూస్‌కు రూఢియైన పండ్రెండు ఆవర్తముల చట్రములో కొంత, నాటకశాల పాటల పొడుగైన చట్రములో కొంత, అతుకు కనబడునట్లే కూర్చినాడు. కాని చివర భాగమున నొక విచిత్రమున్నది. ఇంతవరకు నిట్టూర్చుచున్న యీ స్త్రీ నల్లమందు వేసికొందుననియు, తుపాకి తీసికొని పోలీసువానిని కాల్చెదననియు అకస్మాత్తుగా పలుకును. ప్రియుని మీది కోపము పోలీసువాని మీదికి ఏల పోవలెను? పాటలో దానికి సమాధానము లేదు. పాట వెలువడిన కాలములో నున్నది. దానికి ముందటి సంవత్సరమైన 1919లోనే వాషింగ్టను, షికాగో మొదలగు పట్టణములలో నల్లవారిమీద దొమ్మీలు జరిగెను. ఇంటిలోని అన్యాయమును, వీథిలోని అన్యాయమును ఒకే గొంతు మ్రింగుకొని కూర్చున్నపుడు ఏది యెప్పుడు పైకి వచ్చునో చెప్పలేము. అన్వయము తప్పినదని నేను మొదట గీత పెట్టిన చోటనే ఈ పాట ప్రాణము గలదు. పిల్లల వ్యాసములు దిద్ది దిద్ది అలవాటైన చేయి అట్టి గీతలు తొందరపడి పెట్టును.

మేమీ స్మిత్ ఈ మాటలను పాడిన తీరును గూర్చి ఒక మాట. మొరటు గొంతుకయే నిజమైన బ్లూస్ అని నమ్ము విమర్శకులు ఆమెను చులకనగా జూచుట కలదు. ఆమెది వేదికపై ఆరితేరిన కంఠము. ప్రతి యక్షరము స్పష్టముగా వినబడును. పోలీసువాని మాట వచ్చినపుడు ఆమె గొంతు పెంచదు. నిద్దుర పట్టలేదని చెప్పిన స్వరముతోనే దానిని గూడ చెప్పి ముందునకు సాగిపోవును. అట్లు చెప్పబట్టియే వెన్ను జలదరించును. ఆమె అరచియుండినచో అది వాడెవిల్ చమత్కార మయ్యెడిది. ఆ నిగ్రహము బ్రాడ్‌ఫోర్డు కాగితముపై వ్రాసి యిచ్చినది కాదు.

పైగా ఆ కాగితమైనను పూర్తిగా అతనిదేనా? ఆ పాట 1918లోనే హార్లెములోని లింకన్ నాటకశాలలో, ‘మేడ్ ఇన్ హార్లెమ్’ అను అతని ప్రదర్శనమున, ‘హార్లెమ్ బ్లూస్’ అను పేర మేమీ స్మిత్ పాడినదే. రికార్డునకు వచ్చునప్పటికి పేరు మారినది. ఇట్లు పేరులు మార్చుటయు, పాతపాటల ముక్కలను క్రొత్తపాటలలో అతుకుటయు బ్రాడ్‌ఫోర్డునకు వాడుక. ఖైదీలు పాడినవి, గుడారపు ఆటలలో పదిమంది నోళ్ల నానినవి, తాను కట్టినవి, అన్నియు ఒకే సంచిలోనుండి తీసినట్లుండును. ఇందునకు అతనిని దొంగయనుట సులభము. కాని మన రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణమును గూర్చి అధ్యాయములే వ్రాసెను. అచ్చట కవిని వర్తకునిని ఒకే గాటికి గట్టి, ఇరువురిలో దొంగ కానివాడు లేడని నిర్మొగమాటముగా జెప్పెను. బ్రాడ్‌ఫోర్డు ఆ యిరువురును ఒక్కడే యైనవాడు. అట్టివాడే తన పాటపై రావలసిన పైకము దగ్గరకు వచ్చునప్పటికి చండశాసనుడు. ఇంగ్లీషులో ‘వేవ్’ అను ఉచ్చారణము గల మాటలు రెండున్నవి. ఒకదానికి హక్కు వదలుకొనుట, ఇంకొకదానికి జెండా ఊపుట అర్థము. తన వాటా ‘వేవ్’ చేయుమని కంపెనీ వారు వ్రాయగా, తాను ‘వేవ్’ చేయునది అమెరికా జెండా నొక్కదానినే యని అతడు జవాబిచ్చినట్లు ప్రసిద్ధి. అతని పాటలన్నిటిలో వెదకినను ఇంత చక్కని శ్లేష నాకు కనబడలేదు.

శ్లేష మాట వచ్చినది గనుక అతని దోషమును దాచనక్కరలేదు. క్రేజీ బ్లూస్ ప్లేటు రెండవవైపున ‘ఇట్స్ రైట్ హియర్ ఫర్ యూ’ అను పాట కలదు. కావలసినది ఇచ్చటనే యున్నది, పుచ్చుకొనకున్న తప్పు నాది కాదు అని దాని పల్లవి సారము. ఆ ‘కావలసినది’ ఏదియో చెప్పకయే చెప్పుట నాటకశాల వెనుక బల్లల వారికై. ఇట్టివి అతడు చాల వ్రాసినాడు; ఒకటి విన్నచో పది విన్నట్లే. బూతు కలదని కాదు నా యభ్యంతరము. బూతులో గూడ శ్రద్ధ లేదని. ఈ సందర్భమున మన సంగతి ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. మన దేశమున 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ వారు వచ్చినపుడు ధైర్యముగా పాడినవారిలో ముఖ్యురాలు గౌహర్ జాన్. గౌరవనీయులు పాడుటకు సందేహించిన కాలమున, గౌరవము దక్కనివారే మన సంగీతమును ప్లేట్లకు ఎక్కించిరి. మన సంస్కర్తలు భోగము మేళమును ఖండించిన పట్టుదలలో వారి పాటను గూడ కొంతకాలము వీథిలోనికి విసరివేసిరి. ఆచారమును ఖండించుట న్యాయమే. పాడినదాని విద్యను దానితో కలిపి కొట్టివేయుట న్యాయము కాదు. బ్రాడ్‌ఫోర్డు నాసిరకపు పాటలు వినుచు మొగము చిట్లించుకొనునపుడు ఈ సంగతి నాకు నేనే చెప్పుకొనుచుందును.

ఇక మొదట చెప్పిన రెండు రికార్డులు. పాట పేరు ‘ఐ ఏంట్ గాన్నా ప్లే నో సెకండ్ ఫిడిల్’. రెండవ ఫిడేలు నేను వాయింపనని భావము. 1925 మే నెలలో బెస్సీ స్మిత్ దీనిని కొలంబియాకు పాడెను. బాకా, అనగా కార్నెట్టు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగు. ట్రాంబోను చార్లీ గ్రీను, పియానో ఫ్రెడ్ లాంగ్‌షా. అదే యేడు నవంబరులో బ్రాడ్‌ఫోర్డు ‘జాజ్ ఫూల్స్’ అను తన మేళముతో వొకాలియన్ కంపెనీకి తానే పాడెను. ఆ ‘ఫూల్స్’ అను మాట వర్ణక్రమమును వేళాకోళముగా మార్చి వ్రాసినాడు. అదియు వాడెవిల్ బుద్ధియే. అందును ఆర్మ్‌స్ట్రాంగే.

పాటలోని నాయికను మనవారు ఖండిత యందురు. ప్రియుడు వేరొకతెతో నుండుట ఆమె కన్నులార చూచినది. కూర్చుండి యేడ్చుట తనచే కాదని చెప్పును. క్షేత్రయ్య నాయికయు ఇట్టివానిని వాకిట నిలిపి మాటలతో కోసి పంపివేయుట యెరుగును. కాని ఆమె మాటలలో అలుక యుండును, వానిచేతి గుర్తులను, కన్నుల యెరుపును లెక్కించు చాతుర్యముండును. తలుపు మూసినను గడియ పూర్తిగా పడదు. బ్రాడ్‌ఫోర్డు నాయిక తన కోపమునకు దెచ్చుకొన్న ఉపమానము శృంగారములోనిది కాదు, పనిలోనిది. మేళములో ప్రధానవాద్యము వాయించుట నాకు అలవాటు, రెండవచోట కూర్చుండనని యామె యనును. పదిమందిలో నిలిచి పాడి కూలి సంపాదించుకొను స్త్రీ మాట అది. దాంపత్యమును ఆమె తన వృత్తితో కొలుచుచున్నది. ఈ యొక్క ఉపమానము కొరకు బ్రాడ్‌ఫోర్డును కవి యనుటకు నాకు సంకోచము లేదు. అతుకులబొంత కట్టినవాడు ఒక్కచోట పట్టు నేసినాడు.

బెస్సీ పాడునపుడు ఆ మాట యథార్థము. వాడెవిల్ వేదికపై ఆమె నిజముగా మొదటిచోట నిలిచినది; రెండవచోటు ఎట్టిదో తెలిసి దానిని దాటివచ్చినది. తొందర లేదు. ఒక్కొక్క పాదమును దించి, నిలిపి, తరువాతిదానికి పోవును. ఆమె ఆగినచోట ఆర్మ్‌స్ట్రాంగు బాకా అందుకొని బదులు చెప్పును. అతడు అప్పటికే గొప్పవాడయ్యును రెండవ ఫిడేలు వాయించుటకు సిగ్గుపడలేదు. రెండవచోటు వలదని యొకతె పాడుచుండగా, రెండవచోట కూర్చున్నవాడు ఆ మాటకు బలము నిచ్చుట ఈ రికార్డులోని సొగసు. బ్రాడ్‌ఫోర్డు రికార్డు ఇందునకు తారుమారు. లయ చురుకైనది, కాలు ఊరకుండదు. వాద్యములు ముందు, పాట నడుమ. అతని గొంతు చివరి బల్లవానికి వినబడవలెనని అలవాటుపడిన గొంతు. నాయిక కోపము అతని నోట ఒక తమాషా. విన్నవాడు నవ్వును, తల యూపును, ఆర్మ్‌స్ట్రాంగు బాకా మరల వచ్చునపుడు చెవి నిక్కించును. బ్రాడ్‌ఫోర్డు పాడిన భాగము అయిపోయినదన్న చింత యుండదు. తాను వ్రాసిన ఒక్క మంచి ఉపమానముపై తానే మసి పూసినాడు. మిన్‌స్ట్రెల్ బృందములో పదునాలుగు పదునైదేండ్ల వయస్సున నేర్చిన విద్య ఆ తీరున అతనిని వదలలేదు.

ఇది వినిన పిదప అతని మిగిలిన రికార్డులను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. జార్జియా స్ట్రటర్స్, గల్ఫ్ కోస్ట్ సెవెన్, ఒరిజినల్ జాజ్ హౌండ్స్ అని పేరులు మార్చి మార్చి మేళములను గూర్చినాడు. పియానో వాయించుటకు జేమ్స్ పి. జాన్సను వంటివారిని పిలుచుకొన్నాడు. ఎవరిని పిలువవలెనో తెలియుట అతని గొప్ప విద్య. 1929 తరువాతి ఆర్థికమాంద్యములో రికార్డుల వ్యాపారము కుంగగా అతనిని అడుగువారు లేకపోయిరి. 1965లో ‘బార్న్ విత్ ద బ్లూస్’ అని స్వీయచరిత్ర వెలువరించినాడు. జాజ్ చరిత్రకారులు తన్ను వెనుకబల్లకు నెట్టిరన్న గోడు దానినిండ నున్నది. గోడు సకారణమే. కాని ఆ గ్రంథమును చదువుచుండగా వొకాలియన్ రికార్డులోని గొంతే వినబడుచుండును. ప్రతి విజయము తనది, ప్రతి తలుపు తాను తెరచినది. మేమీ స్మిత్ 1946లోనే చనిపోయినది. ఆమె వ్రాసిన స్వీయచరిత్ర లేదు. తలుపు తెరువుమని అడిగినది బ్రాడ్‌ఫోర్డు. తెరచిన తలుపులోనుండి నడిచి లోనికి పోయి, ఆ కొమ్ము ముందు నిలిచి పాడినది ఆమె. ఈ రెండు పనులలో ఏది యెక్కువ ధైర్యమో అతని గ్రంథము అడుగనే యడుగదు.

అతడు 1970లో న్యూయార్కున గతించినాడు. పైసకై కంపెనీలతో అంతగా పెనగులాడినవాని క్రేజీ బ్లూస్ రికార్డు, అమెరికా చట్టము ననుసరించి 2022 జనవరి 1వ తేదీనుండి ఎవరి సొత్తును కాదు. ఎవరైనను వినవచ్చును, ప్రతి తీసికొనవచ్చును. నేనును అట్లే విన్నాను.

ఒక సాయంకాలము ఆ సెకండ్ ఫిడిల్ రికార్డులు రెండును మా యింట పెట్టియుంటిని. మా చిన్నమ్మాయికి ఆ యాస యింగ్లీషు తెలియదు. బ్రాడ్‌ఫోర్డుది వినుచు గది నడుమ గంతులు వేసినది. బెస్సీది మొదలుకాగానే ఆగి, నా కుర్చీ ప్రక్కకు వచ్చి నిలిచి, “నాన్నగారూ, ఆమెను ఎవరేమన్నారు?” అని యడిగినది.